పద్దెనిమిది నిమిషాల హీరో, నలభై రోజుల పిరికివాడు

ఎన్నికలు దగ్గర పడితే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట మొదలవుతుంది. ఈ నాయకులంతా దొంగలే, మిలటరీలో చేసినవాడు ఒక్కడు వచ్చి కుర్చీలో కూర్చుంటే తప్ప దేశం బాగుపడదు, వాళ్లకు క్రమశిక్షణ ఉంటుంది, ప్రాణానికి తెగించినవాడు లంచానికి లొంగడు అని. ఇండియాలో ఉన్నవాళ్లూ ఇదే అంటారు, అమెరికాలో పౌరసత్వం తీసుకుని ఇక్కడ ఓటేసేవాళ్లూ ఇదే అంటారు. నాకు ఆ మాట వినగానే ఒక మనిషి గుర్తొస్తాడు. అతని కథ గ్రూపులో టైప్ చేసేంత చిన్నది కాదు, ఒక్క లైనులో తేల్చేస్తే అబద్ధమైపోతుంది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నేనుండేది హ్యూస్టన్‌లో. ఈ ఊళ్లో మనవాళ్లకు కొదవలేదు. షుగర్‌ల్యాండ్‌లో అష్టలక్ష్మి గుడి దగ్గర 2024లో నిలబెట్టిన 90 అడుగుల హనుమంతుణ్ని చూడ్డానికి డాలస్ నుంచి కార్లలో వచ్చేవాళ్లు ఐ-45 మీద హంట్స్‌విల్ దగ్గర ఇంకో పెద్ద తెల్ల విగ్రహాన్ని దాటుకునే వస్తారు. చేతికర్ర పట్టుకుని నిలబడ్డ 67 అడుగుల మనిషి. పిల్లలు ఎవరాయన అని అడిగితే, 'హ్యూస్టన్ ఊరికి ఆయన పేరే పెట్టార్రా' అనేసి ముందుకెళ్లిపోతాం. ఆయనే సామ్ హ్యూస్టన్. ఊరితో గందరగోళం లేకుండా ఇకపై సామ్ అనే రాస్తాను.

ఇక్కడి బళ్లలో పిల్లలకు చెప్పే సామ్ కథ చాలా పొట్టిది. 1836 ఏప్రిల్ 21న శాన్ జసింటోలో మెక్సికో సైన్యాన్ని 18 నిమిషాల్లో ఓడించాడు, టెక్సాస్‌కు స్వాతంత్ర్యం తెచ్చాడు, కొన్నాళ్లు వేరే దేశంగా ఉన్న ఆ టెక్సాస్‌కు ప్రెసిడెంటయ్యాడు. అంటే మన వాట్సాప్ వాదనకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ. నా అభిప్రాయం మాత్రం వేరు. ఆ 18 నిమిషాలు ఆయనకు ఓట్లు తెచ్చాయి, అంతవరకే. రాజకీయ నాయకుడిగా ఆయన చేసిన మంచి పనులన్నీ, ఆ యుద్ధం చూసి ఓట్లేసినవాళ్లు ఇంకో యుద్ధం కావాలని ఊగిపోతుంటే అడ్డం పడి వద్దన్నవే. ఆ బుద్ధి ఆయనకు సైన్యంలో వచ్చింది కాదని కూడా నేను నమ్ముతున్నాను.

సామ్ 1793లో వర్జీనియాలో పుట్టాడు. తండ్రి పోయాక తల్లి తొమ్మిదిమంది పిల్లల్నీ బళ్లకెత్తుకుని కొండలు దాటి టెనెసీకి తీసుకొచ్చింది. అప్పటికి తెల్లవాళ్ల సరిహద్దు అదే, ఆ అవతల చెరోకీలనే స్థానిక అమెరికన్ తెగ నేల. అన్నలు పొలం పనికి, దుకాణంలో కూర్చోడానికి పంపిస్తే వీడికి ఒళ్లు వంగలేదు. పదహారేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయి హివాసీ నది మధ్య దీవిలో ఉన్న చెరోకీ పెద్ద ఊలూటెకా దగ్గర చేరాడు. తెల్లవాళ్లు ఆయన్ని జాన్ జాలీ అనేవాళ్లు. ఆయన ఈ కుర్రాణ్ని కొడుకులా పెట్టుకున్నాడు, కాకి అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మూడేళ్లు అక్కడే ఉన్నాడు, భాష నేర్చుకున్నాడు, వాళ్ల ఆటలాడాడు, మధ్యమధ్యలో ఇంటికొచ్చి దుకాణాల్లో అప్పు పెట్టి అక్కడివాళ్లకు బహుమతులు పట్టుకెళ్లాడు. ఆ అప్పులు తీర్చడానికి 1812లో బడి పెట్టాడు. ఫీజులో మూడో వంతు మొక్కజొన్న, మూడో వంతు నగదు, మూడో వంతు నూలు బట్ట. తనే సరిగ్గా బడికెళ్లనివాడు పంతులయ్యాడన్నమాట.

1813లో సైన్యంలో చేరాడు. మరుసటి ఏడాది మార్చిలో అలబామాలో హార్స్‌షూ బెండ్ యుద్ధం. టల్లపూసా నది గుర్రపు నాడాలాగా వంపు తిరిగే చోట క్రీక్ తెగలోని రెడ్ స్టిక్స్ అనే వర్గంవాళ్లు అడ్డంగా దుంగలతో గోడ కట్టుకుని కూర్చున్నారు. ఇటువైపు సేనాపతి ఆండ్రూ జాక్సన్. సామ్ ఆ గోడ ఎక్కి లోపలికి దూకినవాళ్లలో ముందున్నాడు. తొడలోకి ముళ్ల బాణం దిగింది. పక్కనున్న లెఫ్టినెంటును లాగమన్నాడు. రెండుసార్లు లాగినా రాలేదు. కత్తి ఎత్తి, ఈసారి రాకపోతే నిన్ను నరుకుతా అని బెదిరిస్తే అతను బలమంతా పెట్టి పీకాడు, బాణంతో పాటు కండా ఊడొచ్చింది. జాక్సన్ చూసి ఇక వెనక్కెళ్లి పడుకో అన్నాడు. సాయంత్రం మళ్లీ జనం కావాలంటే ఈ మనిషి కుంటుకుంటూ ముందుకెళ్లి భుజంలో రెండు తూటాలు తిన్నాడు. ఇక బతకడని డాక్టర్లు ఒక తూటా తీసి రెండోది వదిలేశారట, ఎలాగూ పోయేవాడికి నొప్పెందుకని. ఆ తొడ గాయం చచ్చేదాకా పూర్తిగా మానలేదు. అమెరికా సెనేట్‌లో కూర్చున్న రోజుల్లో కూడా అది కారుతూనే ఉండేది.

ఈ ఘట్టం దగ్గర ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ రోజు జాక్సన్ వైపు పోరాడినవాళ్లలో చెరోకీలు వందల్లో ఉన్నారు. వాళ్లు వెనకనుంచి నది ఈది, క్రీకుల పడవలు పట్టుకొచ్చి, వెనకవైపునుంచి దాడి మొదలుపెట్టబట్టే గోడ ముందున్నవాళ్లకు దారి దొరికింది. ఎనిమిది వందలమందికి పైగా క్రీకులు చనిపోయారు. తర్వాత ఆ జాక్సనే దేశాధ్యక్షుడై 1830లో తూర్పు తెగలన్నిటినీ మిసిసిపీ అవతలికి తరలించే చట్టం మీద సంతకం పెట్టాడు, తనకు యుద్ధం గెలిపించిన చెరోకీలతో సహా. అదే క్రీక్ యుద్ధంలో పోరాడిన ఇంకో సరిహద్దు సిపాయి డేవీ క్రాకెట్ కాంగ్రెస్ సభ్యుడై ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటేశాడు. జాక్సన్ మనుషులు పగబట్టి తర్వాతి ఎన్నికలో ఓడించారు. ఇద్దరిదీ ఒకే సరిహద్దు, ఒకే యుద్ధం. యుద్ధమే మనిషికి నీతి నేర్పేటట్టయితే ఇద్దరికీ ఒకటే నేర్పాలి కదా?

సామ్ సంగతి ఇంకా చిక్కు. 1817లో ప్రభుత్వం అతన్ని చెరోకీల దగ్గర ఏజెంటుగా వేసింది. తనను పెంచిన జాలీనీ అతని మనుషుల్నీ ఒప్పించి ఆర్కన్సా వైపు పంపడమే అతని ఉద్యోగం. పంపాడు. వాళ్లకు మేలే చేస్తున్నాననుకున్నాడో, జీతం తీసుకుంటున్నాను కాబట్టి చేశాడో మనం చెప్పలేం కానీ చేశాడు. చెరోకీ ప్రతినిధుల్ని వెంటబెట్టుకుని వాషింగ్టన్ వెళ్లినప్పుడు తనూ వాళ్ల బట్టలే కట్టుకెళ్తే యుద్ధ మంత్రి కాల్హూన్ చీవాట్లు పెట్టాడు. ఆ కోపంతో 1818లో సైన్యానికి రాజీనామా. మొత్తం సైనిక ఉద్యోగం ఐదేళ్లు.

అక్కణ్నుంచి జాక్సన్ అండతో పరుగే పరుగు. లాయరు, మిలిషియా మేజర్ జనరల్, 1823లో కాంగ్రెస్ సభ్యుడు, 1827లో టెనెసీ గవర్నర్. 1829 జనవరిలో ఎలైజా ఆలెన్ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. పదకొండు వారాలకు ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్లిపోయింది. ఎందుకన్నది ఇద్దరూ ఎవరికీ చెప్పకుండానే పోయారు, కాబట్టి నేనూ ఊహలు రాయను. గవర్నర్ పదవి వదిలేసి సామ్ తిన్నగా మళ్లీ జాలీ దగ్గరికే, ఇప్పటి ఓక్లహోమాకు, వెళ్లిపోయాడు. తాగుడు ఎంత ముదిరిందంటే ఓసేజ్ తెగవాళ్లు అతనికి 'పెద్ద తాగుబోతు' అని పేరు పెట్టారు. చెరోకీ పౌరసత్వం తీసుకున్నాడు, టయానా రోజర్స్ అనే చెరోకీ స్త్రీతో కాపురం పెట్టాడు, వాళ్ల తరఫున వాషింగ్టన్ వెళ్లి వాళ్లను దోచుకుంటున్న ఏజెంట్ల మీద ఫిర్యాదులు చేశాడు. 1832లో స్టాన్‌బెరీ అనే కాంగ్రెస్ సభ్యుడు రేషన్ కాంట్రాక్టు విషయంలో తనను దొంగ అన్నందుకు నడివీధిలో చేతికర్రతో చితక్కొట్టాడు. అతను తుపాకీ తీసి గుండెకు ఆనించి మీట నొక్కితే అది పేలలేదు. సభ విచారణ జరిపి మందలించి వదిలేసింది. క్రమశిక్షణ గురించి మాట్లాడే మిత్రులు దయచేసి ఇది ఇంకోసారి చదవాలి.

ఆ ఏడాది డిసెంబరులో రెడ్ రివర్ దాటి టెక్సాస్‌లో అడుగుపెట్టాడు. అప్పటికి అది మెక్సికో నేల. మెక్సికో 1829లోనే బానిసత్వం రద్దు చేసింది. అమెరికా నుంచి వలసొచ్చి ఇక్కడ పత్తి వేస్తున్నవాళ్లకు అది మింగుడుపడలేదు. టెక్సాస్ తిరుగుబాటుకు ఇదొక్కటే కారణం కాదు కానీ, యుద్ధం మధ్యలోనే వాళ్లు రాసుకున్న 1836 రాజ్యాంగం బానిసత్వాన్ని గట్టిగా కాపాడింది, స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్లు ఇక్కడ ఉండాలంటే కాంగ్రెస్ అనుమతి కావాలంది. స్వాతంత్ర్య పోరాటం అని చదివేటప్పుడు ఇది పక్కన పెట్టుకుని చదవాలి.

ఇక ఆ నలభై రోజులు. 1836 మార్చి 6న ఆలమో కోట మెక్సికో సైన్యం చేతికి పడిపోయింది, లోపలున్న టెక్సాస్ సైనికులంతా పోయారు, క్రాకెట్‌తో సహా. సామ్ కొత్త సేనాపతిగా గొంజాలెస్ చేరేసరికి ఆ వార్త వచ్చింది. ఆ చిన్న ఊరి మగవాళ్లు ముప్ఫై మందికి పైగా ఆలమోలోనే చచ్చారు, వీధంతా విధవలే. అతని దగ్గర ఉన్నవాళ్లు శిక్షణ లేని కొన్ని వందలమంది. రెండు రోజులకే ఊరు తగలబెట్టించి వెనక్కి నడిపించాడు. కొలరాడో నది దగ్గర బలం వెయ్యి దాటింది, ఎదురుగా మెక్సికో దళం, అందరూ కొడదాం అన్నారు. కొట్టలేదు. మళ్లీ వెనక్కి. గోలియాడ్‌లో లొంగిపోయిన 340 మందికి పైగా టెక్సాస్ ఖైదీల్ని మెక్సికో అధ్యక్షుడూ సేనాపతీ అయిన శాంటా అన్నా ఆజ్ఞతో మార్చి 27న కాల్చి చంపారు. ఆ వార్తకు జనం ఊళ్లు వదిలి పరుగు పెట్టారు. చంకలో పిల్లలు, చలి, ఎడతెగని వాన, మోకాలి లోతు బురద, దారి పొడుగునా పొంగిన నదులు, తట్టు సోకి దారిపక్కనే పూడ్చిపెట్టిన పసిబిడ్డలు. సైన్యంలోంచి ఎందరో పెళ్లాం పిల్లల్ని చూసుకోడానికి వెళ్లిపోయారు.

తాత్కాలిక ప్రెసిడెంట్ బర్నెట్, శత్రువు నిన్ను చూసి నవ్వుతున్నాడు, ఇక పారిపోకు, పోరాడు అని ఉత్తరం రాశాడు. సైనికులు మొహం మీదే పిరికివాడన్నారు. కెప్టెన్లలో ఇద్దరు ఇక కదలం అని మొండికేస్తే వాళ్లను నదీ రేవుల కాపలాకు వదిలేసి ముందుకెళ్లాడు. బ్రాజోస్ నది పక్కన ఒక తోటలో రెండు వారాలు మకాం వేసి, వాళ్ల చేత కవాతు చేయించాడు. ఎవరితోనూ ఏమీ చెప్పేవాడు కాదు. తన ఆలోచన తప్పయితే ఆ తప్పు తనదొక్కడిదే అన్నట్టుండేవాడు. దారి చీలిన చోట ఒకటి అమెరికా సరిహద్దుకు, రెండోది శత్రువున్న హారిస్‌బర్గ్‌కు. దళం హారిస్‌బర్గ్ దారి పట్టింది. పట్టించింది సామా, లేక సైనికులే తిరిగిపోయారా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఫిరంగులు లాగడానికి, మీరు సరిహద్దు దారిలో నాకడోచెస్ వైపు పోతేనే అన్న షరతు మీద ఎద్దులిచ్చిన పమేలా మాన్ అనే ఆవిడ, దారి మారిందని తెలిసి గుర్రమేసుకొచ్చి కాడి విప్పి తన ఎద్దుల్ని తోలుకుపోయిందని కథ. టెక్సాస్ యుద్ధం మొత్తంలో నాకు బాగా నచ్చిన మనిషి ఆవిడే.

ఏప్రిల్ 21 మధ్యాహ్నం మెక్సికో సైన్యం కునుకు తీస్తుండగా సుమారు తొమ్మిది వందలమంది టెక్సాస్‌వాళ్లు వాళ్ల మీద పడ్డారు. పోరాటం 18 నిమిషాలే. చంపడం మాత్రం అక్కడితో ఆగలేదు, ఆలమో పేరు అరుస్తూ, లొంగిపోతామని చేతులెత్తినవాళ్లనూ నీళ్లలో దూకినవాళ్లనూ చాలాసేపు కాల్చారు. మెక్సికోవాళ్లు దాదాపు 630 మంది పోతే ఇటువైపు తొమ్మిదిమంది. కాలి చీలమండ ఛిద్రమైన సామ్ ఆపమని అరిచినా వినేవాడు లేడు. మరునాడు శాంటా అన్నా సాదా సిపాయి బట్టల్లో దొరికాడు. అందరూ ఉరి తీయాలన్నారు. సామ్ కుదరదన్నాడు. ఇతను బతికుంటేనే మిగతా మెక్సికో దళాలు వెనక్కి మళ్లుతాయి, చస్తే మనకు పనికిరాడు. మళ్లాయి కూడా.

గెలిచాక అంతా సర్దుకుంది, ఆ నలభై రోజులు వ్యూహం అయిపోయాయి. శాన్ జసింటోలో ఓడుంటే అదే నడక ఇవాళ ద్రోహం కింద జమయ్యేది. నేను దాన్ని గొప్పదంటున్నది మాత్రం గెలుపు చూసి కాదు. చుట్టూ ఉన్న ప్రతివాడూ ఇప్పుడే అంటుంటే ఇప్పుడు కాదు అని అన్ని రోజులు అనడం, పిరికివాడన్న మాట పడటం, ముళ్ల బాణం పీకించుకుని మళ్లీ యుద్ధంలోకి నడిచినవాడికి ఎంత కష్టమో ఆలోచించండి. అతని చేతికి అలవాటైన పని అది కాదు.

ఆ వేడిలోనే ఆగస్టులో ఆలెన్ సోదరులని న్యూయార్క్ నుంచి వచ్చిన ఇద్దరు బఫెలో బాయూ ఒడ్డున చిత్తడి నేల కొని, వెంచర్ వేసి, దానికి హీరో పేరు పెట్టారు. చల్లటి సముద్రపు గాలి వీచే ఆరోగ్యకరమైన చోటని పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఆగస్టులో హ్యూస్టన్‌లో కారు దిగిన ఎవరికైనా ఆ ప్రకటన ఎంత నిజమో తెలుసు. రియల్ ఎస్టేట్ అప్పుడూ ఇంతే. సెప్టెంబరు ఎన్నికలో సామ్‌కు 5,119 ఓట్లు. ఈ వలస మొత్తానికీ పునాది వేసిన స్టీఫెన్ ఆస్టిన్‌కు 587, అదీ మూడో స్థానం.

మిరబో లమార్ కథ తెలియకపోతే నా వాదన సగమే అర్థమవుతుంది. లమార్ కూడా శాన్ జసింటో వీరుడే. మామూలు సిపాయిగా వచ్చి, యుద్ధానికి ముందురోజు చూపిన సాహసానికి రాత్రికి రాత్రి అశ్వదళ నాయకుడయ్యాడు. సామ్ తర్వాత ప్రెసిడెంటయ్యాడు. చదువుకున్నవాడు, కవి, బళ్లకు భూములు కేటాయించిన ఘనత కూడా అతనిదే, అది కాదనను. కానీ ఇద్దరి ఏలుబడీ పక్కపక్కన పెట్టి చూడండి. సామ్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు సైన్యాధిపతి ఫెలిక్స్ హ్యూస్టన్ (ఇంటిపేరు వినడానికి అదే, మనిషి వేరే) మెక్సికో మీదికి మాటామోరోస్ దాకా పోదామని ఉబలాటపడి, రాజధానికి వచ్చి ప్రచారం మొదలుపెట్టాడు. అతనిక్కడ విందుల్లో ఉండగా సామ్ శిబిరానికి మనిషిని పంపి, ఆరు వందలమంది తప్ప మిగతా సైనికులందర్నీ సెలవు మీద ఇళ్లకు పంపేశాడు. తిరిగెళ్లేసరికి సేనాపతికి సేన లేదు. 1836 ఫిబ్రవరిలోనే, యుద్ధం మధ్యలో, తూర్పు టెక్సాస్ చెరోకీలతో వాళ్ల భూమి వాళ్లదే అని ఒప్పందం రాసుకొచ్చింది కూడా సామే. గెలిచాక సెనేట్ దాన్ని తోసేసింది.

లమార్ వస్తూనే తెగలన్నిటినీ వెళ్లగొట్టడమో తుడిచిపెట్టడమో అన్నాడు. 1839 జులైలో నెచెస్ నది దగ్గర సైన్యం చెరోకీల మీద పడింది. వాళ్ల పెద్ద డువాలి ఎనభై దాటినవాడు, సామ్ ఇచ్చిన కత్తి కట్టుకుని గుర్రమెక్కి ఆఖరిదాకా నిలబడి చచ్చాడు. సామ్ నాకడోచెస్‌లో, చంపినవాళ్ల మొహం మీదే, మీకంటే ఆ ముసలాయనే మేలైన మనిషి అన్నాడని చెబుతారు. ఆ ఊరివాళ్లు అతన్ని కొట్టినంత పని చేశారు. లమార్ అంతటితో ఆగక 1841లో మెక్సికో చేతిలో ఉన్న శాంటా ఫే మీదికి మూడొందలమందికి పైగా పంపిస్తే అందరూ మెక్సికోకు ఖైదీలయ్యారు. టెక్సాస్ డాలరు విలువ కొన్ని సెంట్లకు పడిపోయింది. ఆ ఖజానాతోనే సామ్ రెండోసారి కుర్చీ ఎక్కాడు. 1842లో మెక్సికో దళాలు శాన్ ఆంటోనియో మీద దాడి చేస్తే, కాంగ్రెస్ ప్రతిదాడికి బిల్లు పాస్ చేసి అధికారమంతా అతని చేతిలో పెట్టింది. సేనాపతిగా పేరు మోసిన మనిషికి అంతకంటే ఏం కావాలి? వీటో చేశాడు. డబ్బెక్కడుంది, తుపాకులెక్కడున్నాయి అని అడిగాడు. తిట్టారు, బెదిరించారు, పడ్డాడు. మరుసటి ఏడాది తెగలతో కూర్చుని ఒప్పందాలు చేసుకున్నాడు.

ఒకే రోజు, ఒకే పొలంలో గెలిచిన ఇద్దరు వీరులు ఏలిన తీరు ఇంత వేరుగా ఉంది. అందుకే 'సైనికుడు' అన్న ఒక్క ముక్క నాకు ఎవరి గురించీ ఏమీ చెప్పదు. గాయాలు తిన్నవాడికి యుద్ధం విలువ తెలుస్తుందంటారా? జాక్సన్ ఒంట్లోనూ తూటాలున్నాయి. సామ్‌ను వేరు చేసింది పదహారేళ్లప్పుడు అవతలివాళ్ల ఇంట్లో తిన్న తిండి అని నాకనిపిస్తుంది. సరిహద్దుకు అవతల ఎవరున్నారో అతనికి పేర్లతో తెలుసు.

1845 చివర్లో టెక్సాస్ అమెరికాలో కలిశాక, 1846 నుంచి పదమూడేళ్లు సెనేటర్. చిరుత చర్మం వేస్టుకోటు వేసుకుని, సభలో కూర్చుని కొయ్యముక్కలు చెక్కుతూ ఉండేవాడు. 1854లో కాన్సస్-నెబ్రాస్కా బిల్లు వచ్చింది. కొత్త ప్రాంతాల్లో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడివాళ్లే తేల్చుకోవచ్చనేది దాని సారం. ఇది పాసయితే ఉత్తరం, దక్షిణం కొట్టుకు చస్తాయని వ్యతిరేకంగా ఓటేశాడు. దక్షిణాది డెమోక్రటిక్ సెనేటర్లలో అలా ఓటేసింది అతనొక్కడే. టెక్సాస్ శాసనసభ అతన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది, తర్వాత పదవీ పోయింది. 1857లో గవర్నర్‌గా పోటీ చేసి ఓడాడు, 1859లో అదే ప్రత్యర్థి మీద గెలిచాడు.

అతన్ని శాంతిదూతను చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ రోజుల్లోనే వలసొచ్చినవాళ్లంటే పడని నో-నథింగ్ పార్టీతో అంటకాగాడు. వీసా స్టాంపింగ్ టెన్షన్‌తో జుట్టు నెరిసిన నాలాంటివాళ్లు అది మర్చిపోకూడదు. మెక్సికోను అమెరికా రక్షణ కిందికి తేవాలని సెనేట్‌లో ప్రతిపాదించాడు, గవర్నరయ్యాక కూడా ఆ ఆలోచన వదల్లేదు. దేశం ముక్కలవకుండా జనం దృష్టి మళ్లించడానికే అలా చేశాడని కొందరు సమర్థిస్తారు. పొరుగుదేశాన్ని మింగి ఇల్లు చక్కదిద్దుకుందామన్న ఎత్తును ఎంత సమర్థించినా అది ఎత్తే.

1861 ఫిబ్రవరి 1న టెక్సాస్ సభ 166-8 ఓట్లతో అమెరికా నుంచి విడిపోవాలని తీర్మానించింది. ప్రజల ఓటింగులోనూ మూడింతల మెజారిటీ. మార్చి 16న కొత్త ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయమని గవర్నర్‌ను పిలిచారు. మూడుసార్లు పేరు పిలిచారు. అతను అదే భవనంలో కింది అంతస్తులో కూర్చుని కొయ్య చెక్కుకుంటున్నాడు, పైకి రాలేదు. కుర్చీ ఖాళీ అయిందని ప్రకటించి వేరేవాణ్ని కూర్చోబెట్టారు. లింకన్ సైన్యాన్ని పంపుతానన్నాడు, నీ పదవి నీకు నిలబెడతానన్నాడు. సామ్ ఆ ఉత్తరం నలుగురు స్నేహితులకు చూపించి పొయ్యిలో వేశాడు. పదవి కోసం టెక్సాస్ నేల మీద నెత్తురు పారించనన్నాడు. 68 ఏళ్ల ముసలివాడు, రెండు రాష్ట్రాలకు గవర్నరుగా, ఒక దేశానికి రెండుసార్లు ప్రెసిడెంటుగా చేసినవాడు, సామాను బండికెత్తుకుని ఇంటికి పోయాడు. ఏప్రిల్‌లో గాల్వెస్టన్‌లో మాట్లాడుతుంటే చంపుతామన్నారు, అయినా మాట్లాడాడు. లక్షలమంది ప్రాణాలు పోతాయి, అంత పోగొట్టుకున్నా గెలుస్తారని నాకు నమ్మకం లేదు, ఉత్తరాదివాళ్లు మెల్లగా కదులుతారు గానీ కదిలితే ఆగరు అన్నాడు. చివరికి ఆ అంతర్యుద్ధంలో ఆరు లక్షలకు పైగా చచ్చారు. సొంత కొడుకు సామ్ జూనియర్ తండ్రి మాట వినకుండా దక్షిణాది సైన్యంలో చేరి షైలో యుద్ధంలో గాయపడి ఖైదీ అయ్యాడు. యుద్ధం మొదలయ్యాక సామ్ కూడా టెక్సాస్ పక్షమే అన్నాడు. 1863 జులై 26న హంట్స్‌విల్‌లో పోయాడు, దక్షిణాదివాళ్ల కోట విక్స్‌బర్గ్ పడిపోయిన మూడు వారాలకు.

ఆ ఏడాది రాసిన అతని ఆస్తుల జాబితాలో పొలాలు, పశువులతో పాటు పన్నెండుమంది బానిసలున్నారు. చనిపోయేముందే అందర్నీ విడిచిపెట్టాడని అతని దగ్గర బానిసగా ఉన్న జెఫ్ హామిల్టన్ ముసలితనంలో చెప్పాడు. జాబితా అలా చెప్పడం లేదు. నేను జాబితానే నమ్ముతాను. దేశం విడిపోకూడదన్నాడే తప్ప బానిసత్వం పోవాలని అతను ఏనాడూ అనలేదు. ఇందాక నేను గొప్పగా చెప్పిన వాదనకు కూడా దెబ్బ ఇక్కడే తగులుతుంది. అవతలివాళ్ల ఇంట్లో తిన్నవాడికి వాళ్లు మనుషుల్లా కనిపిస్తారన్నాను కదా. మరి తన ఇంట్లోనే, తన బండి తోలుతూ, తన బూట్లు చేస్తూ ఉన్నవాళ్లు? చెరోకీలు అతనికి అతిథి మర్యాద చేసినవాళ్లు, వీళ్లు అతని ఆస్తి. చదువు నేర్చుకోనిచ్చాడు, బయట పనిచేసి సంపాదించుకున్నది ఉంచుకోనిచ్చాడు, నిజమే. దానికి దండం పెట్టాల్సిన పని లేదు.

వాళ్లలో జోషువా అని కమ్మరి. సామ్ భార్య మార్గరెట్‌తో పాటు 1840లో అలబామా నుంచి టెక్సాస్ వచ్చాడు. సామ్ పోయాక ఆవిడ చేతిలో డబ్బాడకపోతే తను దాచుకున్న బంగారమూ వెండీ తెచ్చి ఇవ్వబోయాడని, ఆవిడ వద్దని నీ పిల్లల చదువుకు వాడుకో అందని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. 1865లో విముక్తి వచ్చాక జోషువా హ్యూస్టన్ హంట్స్‌విల్ పట్టణ సభలో సభ్యుడయ్యాడు, తర్వాత వాకర్ కౌంటీ కమిషనర్‌గా ఎన్నికయ్యాడు. ఆయన కొడుకు శామ్యూల్ వాకర్ హ్యూస్టన్ నల్లపిల్లల కోసం బడి కట్టాడు. ఏ సైన్యంలోనూ పనిచేయని ఈ జోషువా గురించి వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఐ-45 మీద విగ్రహం దగ్గర ఫోటో కోసం ఆగేవాళ్లు ఎలాగూ ఆగుతున్నారు కదా, ఊళ్లోకి వెళ్తే ఓక్‌వుడ్ శ్మశానంలో ఇద్దరి సమాధులూ ఉన్నాయి. పిల్లలకు ఇద్దరి గురించీ చెప్పండి.